వాల్వు రేడియో బల్ల మీద ఎల్‌సీఆర్-టీ4 టెస్టర్: ఎంతవరకు నమ్మొచ్చు?

ముందే తేల్చి చెప్పేస్తే, పాత వాల్వు (గాజు గొట్టాల) రేడియోలు బాగుచేసేవాళ్ల బల్ల మీద ఎల్‌సీఆర్-టీ4, అంటే రెసిస్టెన్స్, కండెన్సర్, కాయిల్ లాంటి పార్టుల్ని కొలిచే చిన్న టెస్టర్, ఒకటి ఉండాల్సిందే. కాకపోతే ఆ రేడియోలో అన్నిటికన్నా ముందు అనుమానించాల్సిన కండెన్సర్ ఒకటుంది. సరిగ్గా దాని దగ్గరే ఈ టెస్టర్ మాట వినకూడదు. అమ్మకం పేజీల్లో ఏ పార్టయినా టెస్ట్ చేస్తుందన్నట్టు రాస్తారు. అది నమ్మి పాత కండెన్సర్‌ని సాకెట్‌లో పెట్టి, అంకె బాగానే వచ్చింది కదా అని మళ్లీ అక్కడే సోల్డర్ చేస్తే అవుట్‌పుట్ వాల్వుకి నూకలు చెల్లినట్టే. ఒక్కోసారి దాంతో పాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరూ పోతుంది. అందుకే ఇక్కడ టెస్టర్ ఏమేం కొలుస్తుందన్న జాబితా కన్నా, ఆ అంకెని రేడియోలో ఏ చోట నమ్మాలి, ఏ చోట నమ్మకూడదు అన్నదే ఎక్కువ ఉంటుంది.

వస్తువు చూడ్డానికి చిన్నదే. అరచేతిలో పట్టే బోర్డు, 128×64 చుక్కల తెర, పిడి వంచితే బిగుసుకునే 14 కాళ్ల సాకెట్, ఒకే ఒక బటన్, 9 వోల్ట్‌ల బ్యాటరీకి తగిలించే వైరు. లోపలున్నది ఏటీమెగా328 అనే చిప్. దీని మూలం జర్మనీలో ఉంది. మార్కుస్ ఫ్రెయెక్ మొదలుపెట్టిన డిజైన్‌ని కార్ల్-హైంజ్ క్యూబెలర్ పెంచి పెద్దది చేశారు. ఇద్దరూ దాన్ని అందరికీ తెరిచి పెట్టారు కాబట్టి చైనాలో రకరకాల పేర్లతో తయారవుతోంది. టీ4 అనేది అందులో చవక రకం, సాధారణంగా వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. టీసీ1 అనేది రంగుల తెర, ప్లాస్టిక్ పెట్టె, లోపలే ఛార్జింగ్ బ్యాటరీ ఉన్న అన్నగారు. ధర కొంచెం ఎక్కువ.

రెసిస్టెన్స్ 50 మెగాఓమ్‌ల దాకా, కండెన్సర్ 25 పికోఫారడ్‌ల నుంచి లక్ష మైక్రోఫారడ్‌ల దాకా, కాయిల్ 0.01 మిల్లీహెన్రీ నుంచి 20 హెన్రీల దాకా అని చెబుతారు. ఈ హద్దులు చాలామటుకు నిజమే. ఒక్కటి మాత్రం ఆ పేజీల్లో కనబడదు: ఇదంతా 5 వోల్ట్‌లతో కొలిచిన కొలత. రేడియోలో ఆ పార్టు మీద పడేది 100 నుంచి 300 వోల్ట్‌లు. చిక్కంతా ఇక్కడే ఉంది.

మాట తేలిగ్గా అర్థం కావడానికి ఒక రేడియో అనుకుందాం. 1950ల చివర, 60లలో మన ఇళ్లలోకి వచ్చిన ఐదు వాల్వుల ఏసీ సెట్. ఈసీహెచ్81 కన్వర్టర్ (స్టేషన్ సిగ్నల్‌ని ఐఎఫ్ అనే స్థిర ఫ్రీక్వెన్సీకి మార్చేది), ఈఎఫ్89 ఐఎఫ్ (దాన్ని పెంచేది), ఈబీసీ81 డిటెక్టర్ ప్లస్ ఆడియో, ఈఎల్84 అవుట్‌పుట్, ఈజడ్80 రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసేది). రెక్టిఫయర్ తప్ప మిగతా వాటి లోపల వేడెక్కి ఎలక్ట్రాన్లు వదిలే క్యాథోడ్, వాటిని అందుకునే ప్లేటు, మధ్యలో ఆ కరెంటుని అదుపు చేసే గ్రిడ్ ఉంటాయి; కొన్నిట్లో స్క్రీన్ అనే రెండో గ్రిడ్ కూడా ఉంటుంది. పెట్టె మీద పేరు ఏదైనా, ఈ వరస గానీ దీనికి దగ్గరి వరస గానీ ఉన్న సెట్లు చాలా ఉన్నాయి. వాల్వుల పేర్లు యు అక్షరంతో మొదలైతే, అంటే యుసీహెచ్81, యుఎల్84, యువై85 లాంటివి ఉంటే, అది వేరే కథ. అందులో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఫిలమెంట్లన్నీ 100 మిల్లీఆంప్‌ల మీద సిరీస్‌లో ఉంటాయి, ఛాసిస్, అంటే లోపలి లోహపు చట్రం, నేరుగా కరెంటుకి తగిలి ఉంటుంది. ప్లగ్గు తిప్పి పెడితే ఛాసిస్ మొత్తం ఫేజే. రేడియోని మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దాని జోలికి పోకండి.

టెస్టర్ పాడయ్యే దారి ఒకటే, అది కూడా మొదటి నిమిషంలోనే ఎదురవుతుంది. రేడియోలో ఫిల్టర్ కండెన్సర్, అంటే 50+50 మైక్రోఫారడ్‌ల అల్యూమినియం డబ్బా, ప్లగ్గు పీకాక కూడా ఛార్జి పట్టుకుని ఉండొచ్చు. ఏటీమెగా చిప్ కాళ్లు 680 ఓమ్స్ రెసిస్టెన్స్‌ల ద్వారా, కొన్ని నేరుగా, టెస్ట్ సాకెట్‌కి కలిసి ఉంటాయి. అక్కడికి 250 వోల్ట్‌లు వస్తే చిప్ అప్పటికప్పుడే పోతుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్‌మనిపించడం పాత అలవాటు. దాని వల్ల కండెన్సర్ లోపలి అతుకులు దెబ్బతింటాయి, స్క్రూడ్రైవర్ మొన కాలుతుంది. 10 కిలోఓమ్ 5 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టెన్స్‌కి రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు బిగించి, ఒకటి ఛాసిస్‌కి, రెండోది కండెన్సర్ ప్లస్‌కి తగిలించి ఐదారు సెకన్లు ఉంచితే చాలు. డబ్బాలో రెండు విభాగాలుంటే రెండింటికీ చేయాలి. తర్వాత మల్టీమీటర్ పెట్టి వోల్ట్ లోపు ఉందని చూసుకుని అప్పుడు టెస్టర్ తీయండి.

కొత్తగా కొన్న టెస్టర్‌కి, దాని క్లిప్పు వైర్లు మార్చినప్పుడల్లా, ఒకసారి కాలిబ్రేషన్ అవసరం. 1, 2, 3 అని రాసి ఉన్న మూడు చోట్లనీ చిన్న తీగలతో కలిపి బటన్ నొక్కితే అదే మొదలవుతుంది. తీగలు తీసెయ్యమని తెర మీద రాగానే తీసేయాలి. కొన్ని రకాల్లో చివర్లో 1కి 3కి మధ్య 100 నానోఫారడ్‌ల కన్నా పెద్ద కండెన్సర్ పెట్టమని అడుగుతుంది. అప్పుడు కొత్త ఫిల్మ్ కండెన్సర్ పెట్టండి, పాతది వద్దు. ఇది చేయకపోతే చిన్న రెసిస్టెన్స్‌లలో వైర్ల రెసిస్టెన్స్ కలిసిపోతుంది, చిన్న కండెన్సర్లలో వైర్ల పికోఫారడ్‌లు కలిసిపోతాయి.

పాత పార్టుల కాళ్లు ఈ సాకెట్‌లో సరిగా పట్టవు. వైర్‌వౌండ్ రెసిస్టెన్స్‌ల కాళ్లు లావుగా ఉంటాయి, కార్బన్ వాటివి నల్లగా తుప్పు పట్టి ఉంటాయి. బ్లేడుతో గీకి మెరిసేలా చేయకపోతే అంకె కొలిచినప్పుడల్లా మారుతుంది. టీ4కి ఇది నిజమైన లోపం, క్లిప్పు వైర్లు విడిగా కొనుక్కోవాలి. టీసీ1తో చాలామంది అమ్మకందార్లు మూడు హుక్కు క్లిప్పులు కలిపే ఇస్తున్నారు.

ఇక పనిలోకి. రేడియోలో ఉన్న పార్టుని ఉన్నట్టే కొలవొద్దు. ఒక కాలు విప్పాలి. సర్క్యూట్‌లో ఉండగా కొలిస్తే పక్కనున్న దారులన్నీ కలిసి టెస్టర్ తికమకపడుతుంది. కండెన్సర్ పెడితే రెండు రెసిస్టెన్స్‌లని చూపిస్తుంది, రెసిస్టెన్స్ పెడితే డయోడ్ అంటుంది.

రెసిస్టెన్స్‌ల విషయంలో టెస్టర్‌కి వంక పెట్టేది లేదు. పాత కార్బన్ రెసిస్టెన్స్‌లు వయసుతో, తేమతో విలువ పెరుగుతాయి. ఈబీసీ81 ప్లేటుకి వెళ్లే 220 కిలోఓమ్ 300 దాటి ఉండటం మామూలే. సౌండు తగ్గి, గొంతు కీచుగా మారితే మొదట చూడాల్సిన వాటిలో అదొకటి. ఈఎఫ్89 స్క్రీన్ గ్రిడ్‌కి వెళ్లేది కూడా అంతే. రాసిన విలువకి 20 శాతం మించి తేడా ఉంటే మార్చేయండి. మార్చేటప్పుడు పావు వాట్ మెటల్ ఫిల్మ్ వేయకండి. వాట్లు సరిపోయినా వోల్టేజి సరిపోదు, సాధారణంగా అది 250 వోల్ట్‌లదే. అర వాట్ వేస్తే 350 దాకా తట్టుకుంటుంది. ఈఎల్84 క్యాథోడ్ రెసిస్టెన్స్, ఈ వాల్వుకి 250 వోల్ట్‌ల మీద 135 ఓమ్స్, మాత్రం 1 వాట్‌ది వేయండి. దాని మీద 7 వోల్ట్‌లకి పైగా ఉంటుంది, అంటే సుమారు 0.4 వాట్ ఎప్పుడూ వేడిగా కరుగుతూనే ఉంటుంది.

ఈ టెస్టర్ డబ్బులు వసూలయ్యే చోటు ఎలెక్ట్రొలిటిక్ కండెన్సర్లు. మామూలు మల్టీమీటర్ మైక్రోఫారడ్‌లు మాత్రమే చెబుతుంది. ఇది ఈఎస్ఆర్, అంటే లోపల సిరీస్‌లో పేరుకున్న రెసిస్టెన్స్, కూడా చెబుతుంది. ఈఎల్84 క్యాథోడ్‌కి అడ్డంగా ఉండే 100 మైక్రోఫారడ్ 25 వోల్ట్‌ల కండెన్సర్ తీసి పెట్టి చూడండి. కొత్తదైతే ఈఎస్ఆర్ 1 ఓమ్ లోపు ఉంటుంది. ఎండిపోయినదైతే మైక్రోఫారడ్‌లు సగానికి పడిపోయి ఈఎస్ఆర్ పదుల ఓమ్స్‌లో కనిపిస్తుంది. అక్కడ 135 ఓమ్స్ రెసిస్టెన్స్‌కి సమాంతరంగా పనిచేయాల్సిన కండెన్సర్ తనే 40 ఓమ్స్ అడ్డు పెట్టుకుంటే అవుట్‌పుట్ తగ్గదా మరి? ఇలాంటివి రేడియోలో రెండు మూడే ఉంటాయి, చవకే. అంకె ఎలా ఉన్నా మార్చేయడం మేలు.

హెచ్‌టి (వాల్వుల ప్లేట్లకి వెళ్లే ఎక్కువ వోల్టేజి డీసీ) ఫిల్టర్ డబ్బాకి వచ్చేసరికి టెస్టర్ సగం నిజమే చెబుతుంది. 50 మైక్రోఫారడ్‌లున్నాయి, ఈఎస్ఆర్ 1 ఓమ్ అని చూపించినా, 300 వోల్ట్‌ల మీద ఎన్ని మిల్లీఆంప్‌లు లీకవుతుందో దానికి తెలీదు. డబ్బాని అందం కోసం పైన ఉంచేసి, ఛాసిస్ కింద కొత్తవి 47 మైక్రోఫారడ్ 450 వోల్ట్‌లవి రెండు బిగించడమే చాలామంది చేసే పని. పాతదాని తీగలు విప్పేయాలి, సమాంతరంగా వదిలేయకూడదు. ఇక్కడ ఇంకో ఆశ పుడుతుంది: స్థలం ఉంది కదా, 220 వేస్తే హమ్ (స్పీకర్‌లో గుయ్‌మనే మోత) పూర్తిగా పోతుంది కదా అని. వద్దు. ఈజడ్80 తర్వాత వచ్చే మొదటి కండెన్సర్‌కి తయారీదారు పెట్టిన గరిష్ఠ హద్దు 50 మైక్రోఫారడ్‌లు. అంతకన్నా పెద్దది వేస్తే స్విచ్ వేసిన ప్రతిసారీ, ప్రతి అర సైకిల్‌కీ రెక్టిఫయర్ క్యాథోడ్ మీద పడే కరెంటు పోటు పెరుగుతుంది, వాల్వు ఆయుష్షు తరుగుతుంది. రెండో కండెన్సర్‌ని కొంచెం పెంచినా ఫర్వాలేదు. మొదటిది మాత్రం 47 దగ్గరే ఉంచండి.

ఇప్పుడు అసలు సంగతి. ఈబీసీ81 ప్లేటు నుంచి ఈఎల్84 గ్రిడ్‌కి, అంటే సాకెట్ 2వ కాలికి, వెళ్లే కప్లింగ్ కండెన్సర్. సాధారణంగా 10 లేదా 22 నానోఫారడ్‌లు. మైనం పూసిన కాగితపు గొట్టమో, నల్లటి తారు పూసినదో, గోధుమ రంగు ప్లాస్టిక్‌లో పోసినదో ఉంటుంది. దీని పని పాట వినిపించే ఏసీని పంపి, ప్లేటు మీదున్న 100 వోల్ట్‌ల డీసీని ఆపడం. కాగితం తేమ పట్టాక ఆ డీసీ చాప కింద నీరులా గ్రిడ్‌కి చేరుతుంది. ఈ కండెన్సర్‌ని టీ4లో పెడితే 10.6 నానోఫారడ్ అని నిక్షేపంగా చూపిస్తుంది. పక్కన వీలాస్ (ఛార్జి చేశాక ఎంత వోల్టేజి తగ్గిందో) అని ఒక శాతం కూడా వస్తుంది, అది కొంచెం అనుమానం తెప్పిస్తుంది. అంతే, తీర్పు చెప్పదు. పైగా తేమ పట్టిన కాగితపు కండెన్సర్ విలువ తరచూ రాసినదానికన్నా ఎక్కువే వస్తుంది. విలువ తగ్గలేదు కదా, పైగా పెరిగింది, ఇంకేం అనుకుంటే మోసపోయినట్టే.

లెక్క వేసి చూద్దాం. కండెన్సర్ లీకేజి 20 మెగాఓమ్‌లు అనుకోండి. వినడానికి చాలా పెద్ద అంకె. గ్రిడ్ నుంచి ఛాసిస్‌కి 680 కిలోఓమ్ ఉంది. ప్లేటు మీద 100 వోల్ట్‌లుంటే గ్రిడ్ మీద 3.3 వోల్ట్‌ల ప్లస్ వచ్చి కూర్చుంటుంది. ఈఎల్84కి కావలసింది మైనస్ 7.3. గ్రిడ్ మీద ఒక వోల్ట్ మారితే దీని ప్లేటు కరెంటు 11.3 మిల్లీఆంప్‌లు మారుతుంది, అంటే చాలా చురుకైన వాల్వు. క్యాథోడ్ రెసిస్టెన్స్ కొంత సర్దినా ప్లేటు కరెంటు 48 నుంచి 62 మిల్లీఆంప్‌ల దగ్గరకి పోతుంది. ప్లేటు మీద 12 వాట్లు మించకూడదని పుస్తకంలో ఉంటే, ఇక్కడ 15 అవుతుంది. ఆ వేడికి గ్రిడ్ కూడా కాగి, తన వంతుగా ఇంకొంచెం ప్లస్ తెస్తుంది. ఛాసిస్ వేడెక్కే కొద్దీ కండెన్సర్ లీకేజి కూడా పెరుగుతుంది. అందుకే ఇలాంటి రేడియో మొదటి పది నిమిషాలు బాగా పాడి, తర్వాత గొంతు బొంగురుపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి టెస్టర్ అక్కర్లేదు, 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. రేడియో ఆపి, ఈఎల్84ని సాకెట్ నుంచి తీసేయండి. మీటర్ నెగటివ్ క్లిప్పు ఛాసిస్‌కి, పాజిటివ్ క్లిప్పు సాకెట్ 2వ కాలికి బిగించి, అప్పుడు స్విచ్ వేయండి. ఈబీసీ81 వేడెక్కాక అక్కడ సున్నా ఉండాలి. 0.1, 0.2 వోల్ట్ ప్లస్ కనిపించిందంటే కండెన్సర్ లీకవుతోంది. అవుట్‌పుట్ వాల్వు లేకపోతే లోడు తగ్గి హెచ్‌టి పైకి లేస్తుంది కాబట్టి అర నిమిషంలో చూసి ఆపేయండి, ఫిల్టర్ కండెన్సర్ రేటింగ్ దాటనీయకండి. వాల్వు తీసినప్పుడు సున్నా ఉండి, పెట్టి పది నిమిషాలు నడిపాక ప్లస్ వస్తుంటే తప్పు కండెన్సర్‌ది కాదు, వాల్వుది. లోపల గ్యాస్ చేరి ఉంటుంది, లేదా గ్రిడ్ ఎమిషన్, అంటే వేడెక్కిన గ్రిడ్ తనే ఎలక్ట్రాన్లు వదలడం.

కండెన్సర్‌ని విడిగా తీసి చూడాలంటే రేడియో హెచ్‌టినే వాడుకోవచ్చు. హెచ్‌టి ప్లస్ నుంచి కండెన్సర్, కండెన్సర్ రెండో కాలు నుంచి మీటర్ పాజిటివ్, మీటర్ నెగటివ్ ఛాసిస్‌కి. క్లిప్పులన్నీ కరెంటు తీసేసి ఉన్నప్పుడే బిగించాలి. స్విచ్ వేసి, రెక్టిఫయర్ వేడెక్కి హెచ్‌టి వచ్చాక పది సెకన్లు ఆగండి, ఛార్జి అయ్యేదాకా అంకె పెద్దగా ఉండి దిగుతూ వస్తుంది. నిలిచిన అంకెని బట్టి లెక్క: హెచ్‌టి 250 అయితే, మీటర్ 1 వోల్ట్ చూపితే లీకేజి సుమారు 2,500 మెగాఓమ్‌లు, 50 చూపితే 40 మెగాఓమ్‌లు. కప్లింగ్ చోట 1 వోల్ట్ దాటినది ఏదైనా చెత్తబుట్టకే. కొత్త ఫిల్మ్ కండెన్సర్ దాదాపు సున్నాకి దిగిపోతుంది. ఈ పరీక్ష చేసిన కండెన్సర్ 250 వోల్ట్‌లు పట్టుకుని ఉంటుంది, దాన్ని డిశ్చార్జి చేయకుండా టీ4లో పెడితే పైన చెప్పిన గతే.

ఇంత చెప్పాక కూడా మా మాట ఏమిటంటే, కాగితపు కండెన్సర్లని కొలుస్తూ కూర్చోవడం దండగ. అన్నీ మార్చేయండి. ఐదు వాల్వుల సెట్‌లో పది పన్నెండుకి మించి ఉండవు. 630 వోల్ట్‌ల పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టర్ ఫిల్మ్ వేస్తే దాదాపు ప్రతి చోటా సరిపోతుంది. దగ్గరి విలువ చాలు, 50 నానోఫారడ్ బదులు 47. పాత కాగితపు కండెన్సర్ మీద ఒక చివర గీత ఉండేది, బయటి పొర ఏ కాలికి కలిసిందో చెప్పడానికి. కొత్తవాటికి అది చాలావరకు ఉండదు, ఎటు పెట్టినా రేడియో పాడుతుంది.

రెండు చోట్ల మాత్రం 630 సరిపోదు. ఈఎల్84 ప్లేటు నుంచి హెచ్‌టికో ఛాసిస్‌కో వెళ్లే 4.7 నానోఫారడ్ లాంటి చిన్న కండెన్సర్ ఒకటి ఉంటుంది. పాట పెద్దగా వచ్చినప్పుడు, స్పీకర్ తీగ ఊడినప్పుడు ప్లేటు మీద వోల్టేజి హెచ్‌టికి ఎన్నో రెట్లు ఎగురుతుంది. ఈ కండెన్సర్ ఛాసిస్‌కి షార్ట్ అయితే హెచ్‌టి మొత్తం అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ గుండా పారి దాన్ని కాల్చేస్తుంది. 1,600 వోల్ట్‌లది వేయండి. రెండోది మెయిన్స్ నుంచి ఛాసిస్‌కి ఉన్నది. అక్కడ వై2 తరగతి అని ముద్ర ఉన్నదే వేయాలి, లేదా తీసేసి ఊరుకోవాలి. అది లేకున్నా రేడియో పనిచేస్తుంది. మామూలు ఫిల్మ్ కండెన్సర్ వేసి అది షార్ట్ అయితే ముట్టుకున్నవాడికి షాకు.

అయితే ఏవి మార్చకూడదో తేల్చడానికే టెస్టర్ బాగా పనికొస్తుంది. మైకా, సెరామిక్ కండెన్సర్లు చాలావరకు ఇప్పటికీ దిట్టంగా ఉంటాయి. 60లలో వచ్చిన ఆవపిండి రంగు పాలిస్టర్ కండెన్సర్లు కూడా అంతే, వాటిని పీకడం పాపం. ఆసిలేటర్‌కి వెళ్లే ప్యాడర్ (స్టేషన్లు డయల్ అంకెలకి కుదిరేలా పెట్టిన కండెన్సర్), సుమారు 400 నుంచి 600 పికోఫారడ్‌ల మైకా, కొలిచి రాసి పెట్టుకుని అలాగే వదిలేయండి. దాన్ని మారిస్తే డయల్ మీద స్టేషన్లన్నీ జరుగుతాయి. స్టేషన్ మార్చడానికి తిప్పే గ్యాంగు కండెన్సర్‌ని పూర్తిగా మూసి కొలిస్తే 450, 500 పికోఫారడ్‌ల దగ్గర వస్తుంది. పూర్తిగా తెరిస్తే 'నో, అన్‌నోన్, ఆర్ డ్యామేజ్డ్ పార్ట్' అంటుంది. కంగారు పడొద్దు, పది పదిహేను పికోఫారడ్‌లు దాని చూపుకి ఆనవు. తిప్పుతూ మధ్యలో ఎక్కడైనా రెసిస్టెన్స్ అని చూపిస్తే అక్కడ రేకులు తగులుతున్నాయని అర్థం.

ఐఎఫ్‌టి (ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్) కాయిల్స్‌కి కూడా ఇది మంచి తోడు. ఒక మిల్లీహెన్రీ కాయిల్, 122 పికోఫారడ్‌ల కండెన్సర్ కలిస్తే 455 కిలోహెర్ట్జ్. మీ సెట్‌లో రెండు వైపుల కాయిల్స్ 0.9, 1.0 దగ్గర ఉండి ఒకదానికొకటి పోలి ఉంటే బాగున్నట్టే. ఒకటి 0.3 అని చూపిస్తే లోపల చుట్లు షార్ట్ అయి ఉండొచ్చు. డబ్బా లోపల కండెన్సర్ ఉంటే దాని ఒక కాలు విప్పి కొలవడం మంచిది. కోర్ తిప్పి చూడాలనే కోరిక మాత్రం ఆపుకోండి. ఫెర్రైట్ చటుక్కున చిట్లుతుంది, పైగా సిగ్నల్ జనరేటర్ లేకుండా మళ్లీ ట్యూన్ చేయడం కష్టం. టీ4 సిగ్నల్ ఇవ్వదు, కాబట్టి అలైన్‌మెంట్ దీని పని కాదు.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తెగిందా లేదా అని టెస్టర్ చెబుతుంది, కొన్ని వందల ఓమ్స్ చూపించాలి. తెగి ఉంటే రేడియోలో ఇంకో గుర్తు ఉంటుంది: ఈఎల్84 ప్లేటుకి కరెంటు అందక మొత్తం స్క్రీన్ మీదే పడి, లోపలి జాలీ ఎర్రగా మెరుస్తుంది. వెంటనే ఆపేయాలి. సెకండరీ అర ఓమ్ లాంటిది, అది సరిగ్గా ఉందో లేదో ఓమ్స్‌తో తేలదు. చుట్ల నిష్పత్తి చూడాలంటే 6.3 వోల్ట్‌ల ఏసీని ప్రైమరీకి ఇచ్చి సెకండరీ మీద కొలవండి. 5,200 ఓమ్స్‌ని 3 ఓమ్స్ స్పీకర్‌కి కలిపే ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి సుమారు 42, అంటే 0.15 వోల్ట్ రావాలి. తిరగేసి సెకండరీకి 6.3 ఇస్తే ప్రైమరీ మీద 260 వోల్ట్‌లు పుడతాయి, చెయ్యి జాగ్రత్త.

వాల్వుల్ని టీ4 పరీక్షించలేదు. ఫిలమెంట్ తెగిందా లేదా అన్నది మాత్రం చెబుతుంది. ఈఎల్84, ఈజడ్80 రెండింటికీ 4, 5 కాళ్ల మధ్య చల్లగా ఉన్నప్పుడు ఒకటి రెండు ఓమ్స్ కనిపిస్తే చాలు. ఎమిషన్, అంటే క్యాథోడ్ ఇంకా ఎంత కరెంటు ఇవ్వగలదన్న సంగతి, రేడియోలోనే చూడాలి. సిరీస్ బోర్డులో (రేడియోకి వెళ్లే కరెంటు దారిలో బల్బు ఉండే బోర్డు) 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి స్విచ్ వేయండి, ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే సరే. గట్టిగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు. అంతా బాగుందనుకున్నాక బల్బు తీసేసి, ట్రాన్స్‌ఫార్మర్ వెనక వోల్టేజి ట్యాపింగ్ 240 లేదా 250 మీద ఉందో లేదో చూడండి. ఇప్పటి మన లైన్లో 240 దాకా రావడం మామూలే. 220 మీద వదిలేస్తే ఫిలమెంట్లకి 6.3 బదులు 7 దగ్గర పడుతుంది. ఈఎల్84 3వ కాలి మీద 7 వోల్ట్‌లుంటే 135తో భాగించండి, 52 మిల్లీఆంప్‌లు. ప్లేటు, స్క్రీన్ కలిపి అంతే ఉండాలి. 9, 10 వోల్ట్‌లు చూపిస్తే మళ్లీ 2వ కాలి దగ్గరికే వెళ్లండి.

ఏవీసీ (స్టేషన్ బలాన్ని బట్టి సౌండుని తనే సర్దే ఏర్పాటు) లైన్ మీదున్న 47 నానోఫారడ్‌ని చాలామంది మర్చిపోతారు. అక్కడ వోల్టేజి తక్కువే కాబట్టి ఏదీ కాలదు, అందుకే కనబడదు. 2.2 మెగాఓమ్ ద్వారా వచ్చే ఏవీసీకి 5 మెగాఓమ్‌ల లీకేజి తగిలితే మూడో వంతు దాకా పోతుంది. దగ్గరి స్టేషన్ గరగరలాడుతుంది, దూరపుది మామూలుగా వస్తుంది. విజయవాడ 837, హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ మధ్య తిప్పి చూస్తే ఊరిని బట్టి ఈ తేడా చెవికి దొరుకుతుంది. డయల్ మీటర్లలో ఉంటే అవి సుమారు 358, 406.

టీ4నా, టీసీ1నా అంటే, రేడియో పనికి మేం టీ4 వైపే. టీసీ1లో ఉన్న జీనర్ పరీక్ష, రిమోట్ కోడు చదవడం ఇక్కడ పనికిరావు. టీసీ1 బ్యాటరీ కొన్నాళ్లకి నీరసపడితే పెట్టె విప్పాలి, టీ4కి 9 వోల్ట్‌లది కొత్తది తగిలిస్తే సరి. ఒట్టి బోర్డు కొంటే మాత్రం అక్రిలిక్ పెట్టె కూడా తీసుకోండి. రేడియో ఛాసిస్ మీద ఆ బోర్డు పెడితే వెనకున్న సోల్డర్ చుక్కలన్నీ షార్టే. ఈ మధ్య వచ్చే సరుకులో, ముఖ్యంగా టీసీ1లో, ఏటీమెగా బదులు వేరే చిప్ కూడా ఉంటోంది. అందువల్ల రాగానే నాలుగు కొలతలు చూసుకోండి: ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టెన్స్‌లు 100 ఓమ్స్, 10 కిలోఓమ్, 1 మెగాఓమ్, కొత్త 10 నానోఫారడ్ ఫిల్మ్. రెసిస్టెన్స్‌లు రెండు శాతం లోపు, కండెన్సర్ ఐదు శాతం లోపు రాకపోతే కాలిబ్రేషన్ మళ్లీ చేయండి. అప్పటికీ రాకపోతే వాపసు గడువు దాటకముందే తిప్పి పంపేయండి.